మేడం గారు బావిలో దూకిన రోజు

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని మా అమ్మ గుంటూరు బ్రాడీపేటలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేది. కూరగాయల బండి దగ్గర, డాక్టరు గారి వరండాలో, ఆఖరికి ఆటో ఎక్కితే ఆటో అతనికి కూడా, మా అమ్మాయి ఈతలో స్టేట్ ఛాంపియన్ అనీ, నేషనల్స్‌లో మెడల్ కూడా వచ్చిందనీ, దానికి నీళ్ళ మీద పోవడమంటే నేల మీద నడిచినట్టేననీ వినిపించి గానీ వదిలేది కాదు. నేనూ అదే నమ్మాను. నిజానికి నాకు తెలిసిన నీళ్ళు ఒక్క రకమే. నీలం పలకలు పరిచి, అడుగున నల్ల గీత గీసి, క్లోరిన్ వాసన వేసే నీళ్ళు. ఆ గీత మీద చూపు నిలిపి ఈదుకుంటూ పోతే గోడ వస్తుంది, గోడని తన్ని వెనక్కి తిరిగితే మళ్ళీ గీత వస్తుంది. చిన్నప్పటినుంచీ నా లోకం ఆ గీత పొడవే. అది దాటితే కూడా నీళ్ళుంటాయనీ, వాటికి అడుగు కనిపించదనీ, వాటిలో నాకంటే ముందునుంచీ కాపురం ఉంటున్నవాళ్ళు ఉంటారనీ నాకెవరూ చెప్పలేదు.

భుజం పాడై పోటీలు మానేశాక, నరసరావుపేట రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈత కోచ్‌గా చేరాను. (ఆ కాలేజీకి పూల్ ఎందుకంటే, పక్క కాలేజీకి లేదు కాబట్టి.) మొదటిరోజు విజిల్ మెడలో వేసుకుని గట్టు మీద నిలబడ్డాను చూడండి, నా భయం అప్పుడు మొదలైంది. నీళ్ళలో ఉన్నంతకాలం మునిగితే నేనొక్కదాన్నే మునగాలి. గట్టు మీద నిలబడ్డాక ఎవరు మునిగినా నేను మునిగినట్టే. ఇక తలలు లెక్కపెట్టడం పట్టుకుంది నాకు. లెక్క సరిపోతే ఎక్కడో తప్పు లెక్కపెట్టానని భయం, సరిపోకపోతే చెప్పనే అక్కర్లేదు. ఎవరైనా కాస్త ఎక్కువసేపు నీళ్ళ కింద ఉంటే దూకడానికి గట్టు అంచుకి వచ్చేసేదాన్ని, వాళ్ళు తేలి హాయిగా ముక్కు చీదుకుంటుంటే నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నా పప్పులో తేలుతున్న ఎండుమిరపకాయల్ని లెక్కపెడుతూ ఉండేదాన్ని. అమ్మ చూసి కారం ఎక్కువైందా అని అడిగేది.

ఆ కాలేజీలో నాకు తోడు మా పీడీ గారు, అంటే ఆటల మాస్టారు. ఆయన కబడ్డీ మనిషి, నీళ్ళంటే ఆయనకి తాగడానికి మాత్రమే. ఒకసారి ఎన్ఎస్ఎస్ క్యాంపు నుంచి వచ్చి కళ్ళింత చేసుకుని ఒక సంగతి చెప్పారు. కాలవలో మేకపిల్ల ఒకటి పడి కొట్టుకుపోతుంటే, ఫస్టియర్ అమ్మాయి చున్నీ నడుముకి బిగించి దూకేసిందట. మునిగినచోట కాకుండా ఇంకెక్కడో తేలిందట, తేలేసరికి చంకలో మేకపిల్ల ఉందట. ఆ పూటనుంచే ఆ అమ్మాయికి నీటికోడి అని పేరు పడిపోయింది. వాళ్ళది వినుకొండ అవతల ఒక పల్లె, మిరపా పత్తీ పండించే ఇల్లు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అప్పటికి మా ఆడపిల్లల జట్టులో ముగ్గురే ఉన్నారు, మెడ్లీ రిలేకి నాలుగు రకాల ఈతలకి నలుగురు కావాలి. ఈ ఏడు కూడా ఆడపిల్లల జట్టు వెళ్ళకపోతే పూల్ పూడ్పించి దానిమీద క్యాంటీన్ కట్టిస్తానని కరస్పాండెంట్ గారు అప్పటికే అనేశారు. ఆయన అన్నారంటే కట్టించే మనిషే.

మర్నాడు నీటికోడిని పూల్ దగ్గరికి పిలిపించాను. వచ్చింది, మెట్ల దగ్గర నిలబడింది, నీళ్ళలోకి తొంగి చూసి చటుక్కున వెనక్కి జరిగింది. "అడుగు కనపడతా ఉంది మేడం" అంది, దయ్యం కనపడుతోందన్నట్టు. అడుగు కనపడితే మంచిదే కదా అన్నాను. మా బావిలో కనపడదు మేడం, కనపడనప్పుడు భయం ఎందుకు ఉంటుంది, ఇక్కడైతే పడిపోతే ఎక్కడిదాకా పడతామో తెలిసిపోతోంది కదా అంది. నేను పడీపడీ నవ్వాను. (ఆ నవ్వు నాకే ఎదురుతిరిగింది, ఆ ముచ్చట వస్తోంది.) చివరికి ఆ పిల్లే అడిగింది, అడుగు కనపడకుండా ఈదే ఈత ఏదైనా ఉందా అని. ఉంది. వెల్లకిలా పడుకుని పైకప్పో ఆకాశమో చూసుకుంటూ ఈదే బ్యాక్‌స్ట్రోక్. రిలేలో మాకు ఖాళీగా ఉన్నదీ సరిగ్గా అదే. నీళ్ళలో వెల్లకిలా పడుకోవడం నేర్పాను, అంతే, మిగతాది దాని ఒంట్లోనే ఉంది. కొద్దిరోజుల్లోనే మిగతా ముగ్గురినీ వెనకేసుకుని వెళ్ళిపోయేది, ఒక్కసారి కూడా బోర్లా తిరక్కుండా.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పోటీలు ఊరుగాని ఊళ్ళో. ఇంట్లో ఒప్పుకోవాలి. నీటికోడేమో తను కాలేజీలో ఈదుతున్న సంగతే ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో బట్టలు మార్చుకునే గదిలో తల తుడుచుకుంటూ చెప్పింది. వాళ్ళ బాబాయి ఊళ్ళో అందరికంటే పెద్ద ఈతగాడట. సాగర్ కాలవకి నీళ్ళు వదిలిన రోజున పందెం కట్టి నవ్వుకుంటూ దూకాడు, మళ్ళీ తేలలేదు. అప్పటినుంచీ వాళ్ళ నాన్న కాలవ గట్టు మీద వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్తాడట. ఆ మాట విన్నాక నాకు రెండు భయాలు పట్టుకున్నాయి, ఆయన ఒప్పుకోడేమోనని ఒకటి, ఒప్పుకుంటాడేమోనని ఇంకొకటి. ఆ రాత్రే హాస్టల్ నుంచి పిల్ల ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. పొద్దున్నే ఆయన నాకు ఫోన్ చేశాడు. కేకలు వేస్తాడనుకున్నాను, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"మేడం గారూ, మా ఇంట్లో ఒక పద్ధతుందండీ. పిల్లకి ఈత నేర్పేవాళ్ళు ముందు మా బావిలో దూకాల. మా తాత కాడ్నించీ అంతే. దాన్ని దించేటప్పుడు ముందు నేనే దూకా. మీరు కూడా ఒకసారొచ్చి దూకండి. ఆ తర్వాత ఎక్కడికి తీసకపోయినా నేనడగను."

అలాగే, ఆదివారం వస్తానన్నాను. ఛాంపియన్ని కదా, ఇంకేమంటాను.  బావిని నేను దూరం నుంచి చూడటమే గానీ దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది లేదు. ఆదివారం వస్తున్నకొద్దీ నాకు తిండి సయించడం మానేసింది. ధైర్యం కోసం ఫోన్‌లో బావి, ఈత అని కొట్టి చూశాను. వచ్చిన వార్తలన్నీ ఒకే రకంగా ముగిశాయి. భుజం నొప్పి తిరగబెట్టిందని చెప్పేద్దామా అనుకున్నాను, కానీ అదే భుజంతో రోజూ అమ్మ ముందు బిందెలు మోస్తున్నాను. అమ్మేమో నేను ఊరికే దిగాలుగా ఉన్నానని, వెళ్ళేముందు నుదుట బొట్టు పెట్టి, పల్లెటూరి వాళ్ళ ముందు మరీ ఎక్కువ చూపించకు, చిన్నబుచ్చుకుంటారు అని బుద్ధి చెప్పి పంపింది.

పీడీ గారిని తోడు తీసుకుని వినుకొండ బస్సెక్కాను, అక్కడినుంచి మిరప బస్తాల మధ్య ఆటోలో. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, పీడీ గారు ఊరు చేరేదాకా తుమ్ముతూనే ఉన్నారు. మధ్యమధ్యలో తుమ్ము ఆపుకుని, బావి ఏమాత్రం లోతుంటుందంటారు మేడం, అని నన్నే అడిగేవారు. ఆ ప్రశ్న నేను అప్పటికి వందసార్లు నన్నే అడుక్కుని ఉన్నాను.  ఊళ్ళో దిగేసరికి గుంటూరు నుంచి ఈతల మేడం వచ్చి బావిలో దూకుతుందని ఊరంతా తెలిసిపోయింది. కాయ కోతకి వచ్చిన ఆడవాళ్ళు చేలో గంపలు దించేసి బావి చుట్టూ చేరారు, కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు, ఎవరో ముసలావిడకి కుర్చీ కూడా తెచ్చి వేశారు. నీటికోడి వాళ్ళ నాన్న పొడుగ్గా సన్నగా ఉన్నాడు, మజ్జిగ ఇచ్చాడు, దాహం తీరిందా అని అడిగాడు, ఇక వేరే మాట లేకుండా బావి దగ్గరికి నడిచాడు. గట్టుకి కాస్త ఎడంగా ఆగిపోయాడు.

నలుపలకల బావి అది, రాతి కట్టు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్ళే మెట్లు. రాళ్ళ సందుల్లో పావురాళ్ళు గూళ్ళు పెట్టుకున్నాయి. ఎక్కడో కింద నీళ్ళున్నాయి, వాటి రంగు నలుపో ఆకుపచ్చో చెప్పలేను, మన మొహం మాత్రం కనిపిస్తుంది, అదీ బాగా పాలిపోయి. ఎంత లోతండీ అని అడిగాను, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుని. మా తాత తవ్వించాడండీ, ఆయనకే తెలియాల అన్నాడు. తర్వాత ఒంగి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టి, దూకేముందు ఇది వెయ్యండి అన్నాడు. దేనికని అడక్కుండా ఉంటే బాగుండేది.

"లోపలున్నోళ్ళకి చెప్పాల గదండీ."

లోపల ఎవరున్నారని నా మొహమే అడిగినట్టుంది. నీరుకట్టె పాములండీ, ఏం చెయ్యవు, పక్కకి తప్పుకుంటయ్యి అని కుర్చీలోని ముసలావిడ ధైర్యం చెప్పింది. పీడీ గారు నా వెనక నుంచి మెల్లగా, మేడం, కావాలంటే ఇంటికెళ్ళిపోదాం, నాకు జ్వరం వచ్చిందని చెబుతాను అన్నారు. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదు. వెళ్ళిపోయేదాన్నే. కానీ తల తిప్పితే నీటికోడి కనిపించింది. వాళ్ళ నాన్న పక్కన నిలబడి, చున్నీ కొస నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. నేను వెనక్కి తిరిగితే ఆ పిల్ల మళ్ళీ నీళ్ళలో దిగదు, ఆ సంగతి దానికీ తెలుసు నాకూ తెలుసు. రాయి వేశాను. బుడుంగుమన్న చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు. ట్రాక్ ప్యాంటు నాడా ఇంకోసారి బిగించుకుని, ఒక దేవుడికి చెబితే ఇంకొకరు నొచ్చుకుంటారని అందరికీ కలిపి దండం పెట్టుకుని, కళ్ళు మూసుకుని దూకాను.

పావురాళ్ళన్నీ ఒక్కసారి లేచిన చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు. చల్లదనం ఎముకల్లోకి దిగింది. పొరపాటున నీళ్ళలో కళ్ళు తెరిచాను. గీత లేదు. పలకలు లేవు. కింద నలుపు, ఆ నలుపు కింద ఇంకా నలుపు. నా కాళ్ళు ఆ నలుపులోకి వేలాడుతున్నాయి, ఎవరైనా పట్టుకుని లాగడానికి వీలుగా. పైకి తేలాను. మెట్ల వైపు చూశాను, కింది మెట్టు మీద ఒక నీరుకట్టె చుట్ట చుట్టుకుని తీరుబడిగా నన్ను చూస్తోంది. రాయి వేసినా తప్పుకోని ఆసామీ ఒకడు ఉంటాడని నాకెవరూ చెప్పలేదు కదా. ఇక నా బుర్ర పనిచెయ్యడం మానేసింది, ఒళ్ళు మాత్రం తనకి తెలిసిన పని మొదలుపెట్టింది. నాలుగు బారలు వేసేసరికి గోడ. గోడ తగలగానే అలవాటు కొద్దీ పల్టీ కొట్టి కాళ్ళతో తన్నాను. మళ్ళీ నాలుగు బారలు, మళ్ళీ గోడ. ఆగితే కాళ్ళు కిందికి వేలాడతాయి, వేలాడితే ఎవరో పట్టుకుంటారు, కాబట్టి ఆగకూడదు. ట్రాక్ ప్యాంటులో నీళ్ళు నిండి బస్తాలా బరువెక్కింది, అయినా ఆగలేదు. పైనుంచి ఈలలూ చప్పట్లూ వినపడుతున్నాయి. మేడం గారు ఆపట్లేదేందిరా అని ఎవరో, ఛాంపియన్ అంటే అట్టాగే ఉంటార్రా అని ఇంకెవరో. బావిలో చేప తిరిగినట్టు తిరుగుతోందమ్మా అని ముసలావిడ మురిసిపోతోంది. లోపల చేప మాత్రం చచ్చిపోతున్నాను దేవుడోయ్ అనుకుంటోంది.

అప్పుడు నా పక్కన దబ్బుమని ఏదో పడింది. అయిపోయాననుకున్నాను. నీటికోడి. నా పక్కనే బార వేస్తూ, పైవాళ్ళకి వినపడకుండా, "మేడం, వెల్లకిలా తిరగండి. కిందికి చూడబాకండి. నేను మీ పూల్లో చేసినట్టే" అంది. తిరిగాను. బావి నోరంత ఆకాశం, నలుపలకలుగా, నీలంగా, మా పూల్ రంగులోనే ఉంది. దాని చుట్టూ తలలు. పావురాళ్ళు ఒకటొకటిగా తిరిగి వస్తున్నాయి. ఏం చెయ్యాలో తోచక నేను ఆ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, లెక్కపెడుతుంటే ఊపిరి దారిలో పడింది. ఆ పిల్ల నా చంక కింద చెయ్యి వేసి మెట్ల వైపు లాక్కెళ్ళింది, వెళ్తూ వెళ్తూ ఇన్ని నీళ్ళు చిమ్మి ఆ పాముని పొమ్మంది. అదీ మర్యాదగా పోయింది. పైకి ఎక్కుతుంటే గురువూ శిష్యురాలూ ఆటలాడుతున్నారనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. వాళ్ళ నాన్న ఒక్కడే కొట్టలేదు. వణుకుతున్న నాకు తువ్వాలు అందించి, మొహంలోకి కాసేపు చూసి, పిల్లని తీసుకెళ్ళండి అన్నాడు. అంతే.

తిరుగు ప్రయాణంలో పీడీ గారు, అంత చిన్న బావిలో అన్ని రౌండ్లు ఎలా వేశారు మేడం, ఎండ్యూరెన్స్ అంటే మీదే అని తుమ్ముల మధ్యలో పొగుడుతూనే ఉన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, ఒంట్లో ఇంకా తగ్గని వణుకుని బస్సు కుదుపుల్లో దాచుకుంటూ. వీడియో మాకంటే ముందు బ్రాడీపేట చేరింది. మరీ ఎక్కువ చూపించొద్దన్నాను కదే అని అమ్మ గుమ్మంలోనే కోప్పడింది, ఆ తర్వాత దాన్ని ఆటో అతనికి కూడా చూపించింది. కరస్పాండెంట్ గారు క్యాంటీన్ మాట ఎత్తలేదు.

పోటీలకి నీటికోడి వాళ్ళ నాన్న కూడా వచ్చాడు, తెల్లచొక్కా వేసుకుని. గట్టు దగ్గరికి రానన్నాడు, వెనక గ్యాలరీలో నా పక్కనే కూర్చున్నాడు. మొదటి వంతు వాళ్ళ అమ్మాయిదే, నీళ్ళలో దిగి గోడ పట్టుకుని వేలాడుతోంది. నేను విజిల్ కొరుకుతున్నాను. చూస్తే ఆయన పూల్ వైపు చూడటం లేదు, నా వైపు చూస్తున్నాడు. అమ్మాయిని చూడరేమండీ అన్నాను. నీళ్ళు చూడలేనండీ, మీ మొహం బాగుంటే అది బాగున్నట్టే అన్నాడు. పాపం, నా మొహం ఏనాడు బాగుంది కనక. బెల్లు మోగింది, నీటికోడి ఆకాశం వైపు కళ్ళు పెట్టుకుని బయలుదేరింది, మా గొడవేమీ దానికి పట్టలేదు. అది సగం దూరం వెళ్ళాక ఆయన నా మొహం మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఆ రోజు బావిలో మీరు ఆగలేకపోయారు గదండీ."

మీకెలా తెలిసిందండీ అన్నాను.  బావి కాడ పుట్టి పెరిగినోళ్ళమండీ, ఎవరు ఆడతా ఈదతన్నారో ఎవరు భయపడి ఈదతన్నారో తెలవదా అన్నాడు. మరి తెలిసీ పిల్లని ఎందుకు పంపారని అడిగాను. 

"మా తమ్ముడికి భయం లేదండీ. నవ్వతా దూకాడు. మీరు చచ్చేంత భయపడతా కూడా మా పిల్ల కోసం దూకారు. రేపు అది మునిగినా దూకుతారు. నాకింకేం కావాల."

రిలేలో మాకు మూడో స్థానం వచ్చింది. గెలిచినవాళ్ళకంటే ఎక్కువ గోల చేశాం, పీడీ గారు కబడ్డీ కూత కూడా పెట్టారు. నేను మాత్రం బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నన్ను ఛాంపియన్ అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, నా భయాన్ని చూసి నమ్మిన మనిషి మాత్రం ఆయన ఒక్కడే.

ఇప్పుడు నీటికోడి ఇంకో కాలేజీలో ఈత కోచ్. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఫోన్ చేసి, నీళ్ళలో ఉన్నప్పుడు ఏమీ లేదు గానీ గట్టు మీద నిలబడితే చేతులు చల్లబడిపోతున్నాయి మేడం, ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక తల తగ్గినట్టే ఉంటోంది అంది. అలాగే ఉంటుందమ్మా, అలా ఉంటేనే జీతం తీసుకో అన్నాను. నేను ఇంకా ఆ పూల్ గట్టు మీదే ఉన్నాను, జుట్టులో తెలుపు వచ్చింది, భయం మాత్రం కొత్తగానే ఉంది. పొద్దున్నే పిల్లల్ని దింపేముందు చిన్న గులకరాయి ఒకటి నీళ్ళలోకి వేస్తాను. నీలం పలకల మీద అది ఎక్కడ పడిందో స్పష్టంగా కనపడుతుంది. లోపల ఎవరున్నారు మేడం అని కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు. ఎవరూ లేరు, దిగండి అంటాను. ట్రాక్ ప్యాంటు నిండా నీళ్ళతో, ఆగితే ఎవరో కాళ్ళు పట్టుకుంటారని అటూ ఇటూ ఈదుతున్న ఒక పిచ్చిపిల్ల అప్పుడు గుర్తొస్తుంది. పక్కకి జరుగు తల్లీ, పిల్లలు దిగుతున్నారు అని మనసులో దానికి చెప్పి, తలలు లెక్కపెట్టడం మొదలుపెడతాను.